విశ్వాసమ్మ గడ్డ

మా తోడికోడలు విశ్వాసమ్మకు తొడల సందున, ఆడది చెప్పుకోలేని చోట గడ్డ లేచింది. చూస్తూ చూస్తూ ఉండగానే నిమ్మకాయంత అయింది. మొగుడు పోయిన మనిషి, వయసులో ఉంది, జొన్నచేలో కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. ఊరికి అంతకంటే ఏం కావాలి? సవాయి రోగమన్నారు, మగవాళ్లతో తిరిగితే అంటుకునేది. వాళ్ల నోళ్లు పడిపోను! సంఘపెద్ద గాబ్రియేలు గుడిలో లేచి, "పాపపు రోగమున్నోళ్లు ప్రభువు బల్ల కాడికి రాగూడదు" అన్నాడు. పేరెత్తలేదు. అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూశారు.

బండి కట్టించి మిషను ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ తెర చాటున చూసింది. బతుకుతానా అని విశ్వాసమ్మ అడగలేదు. "ఇది పాపపు రోగమేనా, అడుగక్కా" అంది.

"ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. చూసి చెప్పలేను" అంది డాక్టరమ్మ. రక్తం తీసుకుంది. గడ్డ కోసి, ముక్కను పరీక్షకు మద్రాసు పంపింది. జవాబు వచ్చేదాకా వరండాలోనే పడి ఉన్నాం.

"చెడ్డ గడ్డ కాదు. చాలా అరుదుగా వస్తుంది. ఎవరి వల్లా అంటింది కాదు. రక్తంలోనూ ఏ రోగమూ లేదు" అంది డాక్టరమ్మ, జవాబు చూసి.

విశ్వాసమ్మ నా భుజం మీద పడి ఏడ్చింది. "ఈ మాట గుడిలో చెప్పిస్తావా అక్కా?"

ఊరికి రాగానే గాబ్రియేలు ఇంటికి పోయి డాక్టరమ్మ మాట చెప్పాను. "పాపమని గుడిలో అంటివి గదన్నా. కాదని గూడా ఆడనే చెప్పు."

అతని మొహం మాడిపోయింది. "తప్పు నాదేనమ్మా. కానీ గడ్డ యాడ లేచిందో చెప్పకుండా, అది మంచిదని ఎట్ల చెప్పేది? పిల్లోళ్లుంటారు."

"అయితే ఏం చెప్పకుండా ఉత్తగా బల్ల కాడికి రమ్మను."

"ద్రాక్షరసానికి అందరికీ ఒకే గిన్నె. ఆయమ్మ తాగినాక ఎవరు తాగుతారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ప్రార్థన మధ్యలో నేనే లేచి నిలబడ్డాను. నోరు తెరవబోతుంటే విశ్వాసమ్మ నా కొంగు పట్టి లాగింది.

"కూచో అక్కా, నీ కాళ్లు మొక్కుతా. నువ్వు చెప్తే అందరి చూపూ ఆడికే పోతాది."

కూర్చున్నాను. ఏం చేయను? అందరూ వరసగా బల్ల దగ్గరికి పోయి గిన్నె అందుకున్నారు. గాబ్రియేలు ఒకసారి మా వైపు చూసి, తల దించుకుని గిన్నె మీద గుడ్డ కప్పేశాడు.

గడ్డ మళ్లీ రాలేదు. విశ్వాసమ్మ చేలకు, సంతకు అందరిలాగే చక్కగా నడిచేది. ఆ బల్ల దాకా మాత్రం చచ్చేదాకా నడవలేదు.