గుండ్రం ఒప్పుకోని మామయ్య

మా మామయ్య దేన్నీ గుండ్రంగా ఉందని ఒప్పుకోడు. నిండు చంద్రుణ్ణి చూపించినా సరే, "అదీ కాస్త నొక్కుకుపోయిందిరా" అంటాడు.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, చొక్కా జేబులో ఓ దారపుండ వేసుకుని లోకం మీద పడ్డాడు. గాజులు, మూతలు, సైకిలు చక్రాలు, గుండీలు, ఏది దొరికితే దానికి దారం చుట్టడమే. ఓసారి బస్సులో ముందు సీటాయన బట్టతలకి చుట్టబోయి, ఊరు రాకుండానే దిగిపోవాల్సొచ్చింది.

"అసలైన వృత్తం బుర్రలోనే ఉంటుందిరా. గీశావా, చెడగొట్టావన్నమాటే! పెన్సిలు గీతకి మందం, కాగితానికి గరుకు. ఇంకెక్కడి గుండ్రం?"

"మరి వృత్తాల లెక్కల్లో వచ్చే ఆ 'పై' సంగతేంటి మామయ్యా?"

అలా అడిగి నా కొంప నేనే ముంచుకున్నాను. గిన్నె చుట్టూ దారం చుట్టించి, అదే దారంతో గిన్నెని అడ్డంగా కొలిపించాడు. మూడుసార్లు కొలవగా ఇంకాస్త దారం మిగిలింది.

"ఈ మిగిలిన ముక్క ఎంత?" అన్నాను.

"అదే కదరా తమాషా! చెప్పుకుంటూ పోతే నీ మునిమనవళ్లకి కూడా తెమలదు!"

పొద్దస్తమానం ఆయన "పై, పై" అని గొణుగుతుంటే కింద వాటా ఆవిడ హడలిపోయింది. "మీ ఆయనకి పైకి పోయే ధ్యాస పట్టుకున్నట్టుంది, జాగ్రత్తమ్మా" అని మా అత్తయ్యని ఓదార్చి కూడా వెళ్లింది.

అత్తయ్య ముందుగదిలో కేకులు చేసి అమ్ముతుంది. కిందటేడు జారిపడి కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ మునుపటి పట్టు లేదు. క్రీము రాస్తుంటే చెయ్యి వణికి, కేకు ఓ పక్కకి ఒరిగేది. "ఇంక దుకాణం కట్టేస్తానండీ" అని రోజూ అంటుండేది.

ఓ రోజు నేనక్కడ ఉండగానే ఓ పెద్దమనిషి మనవరాలి పుట్టినరోజు కేకు కోసం వచ్చాడు. పెట్టె మూత తీసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా, ఇది గుండ్రంగా లేదే!"

అత్తయ్య మొహం మాడిపోయింది. కుడిచెయ్యి కొంగు చాటుకి పోయింది.

అంతే, లోపల్నుంచి మామయ్య ఊడిపడ్డాడు.

"గుండ్రమా! ఏదీ, మీ దగ్గరున్న గుండ్రం ఒక్కటి చూపించండి!"

పెద్దమనిషి పౌరుషంగా ఉంగరం తీశాడు. దారం పడింది.

"సొట్ట!"

వాచీ విప్పాడు.

"అంచు అరిగింది!"

కళ్లజోడు ఇచ్చాడు.

"ఇది కోడిగుడ్డండీ బాబూ!"

వెనక కేకుల కోసం వచ్చి నిలబడ్డవాళ్లకీ హుషారొచ్చింది. గాజులూ, డబ్బా మూతలూ ముందుకి తోశారు. ఒక్కటీ నెగ్గలేదు. పెద్దమనిషి కళ్లజోడు లేకుండానే పగలబడి నవ్వాడు.

"లోకమంతా వంకరైతే ఈ కేకేం పాపం చేసింది!" అని పెట్టె అందుకుని, మనవడి పుట్టినరోజుకి కూడా పురమాయించి మరీ వెళ్లాడు.

అందరూ వెళ్లాక అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ అడిగింది.

"ఏమండీ, ఊళ్లో ఉన్నవన్నీ కొలిచారు. నా కేకుకి ఒక్కనాడూ దారం చుట్టలేదేం?"

నిజమే! నాకప్పుడు తట్టింది.

మామయ్య అడ్డంగా దొరికిపోయాడు. "దారానికి క్రీము అంటుకోదూ?" అని నసిగి, ఓ పెద్ద కేకుముక్క నోట్లో కుక్కుకుని, ఇంక మాట్లాడే పని లేకుండా చేసుకున్నాడు.