భజనకు తలూపిన పిల్లి

మా గల్లిల శ్రావణ్‌కుమార్ ఇల్లు ఏదని ఎవ్వర్ని అడగాల్సిన పని లేదు. మిద్దె మీద తుప్పు పట్టిన ఉరుకుడు మిషిను, పగిలిన చేపల అద్దాల పెట్టె, పిట్టలు లేని పంజరం కనబడతయి. అదే. కింద ఇంట్ల ఉండేది ఇయ్యాల్టి మోజు, మిద్దె ఎక్కింది నిన్నటి మోజు. ముక్కు కారుకుంట తిరిగిన నాటి నుంచి వాణ్ని చూస్తున్న. వాళ్లమ్మ నాకు వరుసకు చెల్లె, అందుకే నన్ను పెద్దమ్మా అంటడు. వాని నోట్లె నుంచి వచ్చే వాటిల ఖరారుగ నిజం అనేది ఆ పిలుపు ఒక్కటే.

వాళ్ల నాయిన దున్నిన భూములు ఇప్పుడు ప్లాట్లు. వాడు సుల్తాన్‌పూర్‌ల సిరంజీలు చేసే ఒక కంపెనీల చేరిండు. ఏం పనంటే ప్యాకింగ్. అట్టపెట్టె మీద టేపు సక్కగ పడ్డదా లేదా చూడాలె. చెయ్యాల్సిన పనే, నేను తప్పు పడతలేను. కని వాని మాటలు వింటే దేశంల ఎవరి చేతికి సూది గుచ్చినా వీన్ని అడిగే గుచ్చుతున్నరేమో అనిపిస్తది. "సూదుల సంగతి నాకు చెప్పకు పెద్దమ్మా, మాది మెడికల్ లైన్" అంటడు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా టేపుకూ మెడికల్ లైనుకూ ఎంత దూరమో నాకు ఎరుకే.

పంజరం మిద్దె ఎక్కినంక ఇంట్లకు పిల్లి వచ్చింది. మన గోడల మీద తిరిగే పిల్లి గాదు. చప్పిడి ముక్కు, దూది లెక్క బొచ్చు. పర్షియా జాతంట. పేరు ప్రిన్స్. మొదట్ల వాడు దాన్ని చంకల పెట్టుకోని కిరాణ షాపు దాక పోయేటోడు, అటుకెళ్లి వచ్చేటోడు, ఉప్పు గూడ కొనకపోయేది. తర్వాత మోజు తీరింది. పిల్లిని మిద్దె మీద పారేద్దామంటే అప్పటికే అది వాని పెండ్లాం శ్రీలత ఒళ్లెకు ఎక్కింది.

శ్రీలత మాట తక్కువ పిల్ల. ఇంట్ల వేరే ఎవ్వరు లేరు. మొగడు డ్యూటీకి పోతే ఆమె, టీవీ. ఒకనాడు గోడ అవతల ముచ్చట వినబడుతుంటే చుట్టాలెవరొచ్చిన్రో అని స్టూలెక్కి చూసిన. చుట్టాలు లేరు, పిల్లి ఉన్నది. "కూరల ఉప్పెక్కువైందంటడేంది రా, నువ్వు చెప్పు" అని దాన్ని అడుగుతుంది. నన్ను చూసి సిగ్గుపడ్డది.

"ఇంట్ల నేను చెప్పేది ఆఖరిదాక వినేది ఇదొక్కటే అత్తమ్మా" అన్నది.

మొగని గురించి అంతకన్నా పొట్టిగ ఎవ్వరు చెప్పలేరు.

పోయిన ఎండకాలం ఆ పిల్లి ఎన్ని నీళ్లు పోసినా తాగవట్టింది. తినేది తింటనే ఉన్నది, బక్కపడుతనే ఉన్నది. పటాన్‌చెరుకు తీస్కపోతుంటే నేను గూడ కారెక్కిన. పిల్లికి రక్తం ఎట్ల తీస్తరో చూడాలె గద మరి. చెవి అంచుకు సన్నగ పొడిచి, మిషిన్‌ల చుక్క పెట్టి, డాక్టరమ్మ చంద్రిక సుగర్ అన్నది. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ వెయ్యాలన్నది.

"రోజు ఒకటే వేళకు వెయ్యున్రి. ముందుగాల గిన్నె పెట్టాలె, తిన్నదని చూసుకోవాలె, అప్పుడే సూది. తినకపోయినా, కక్కినా మీ అంతల మీరు వెయ్యకున్రి, నాకు ఫోన్ చెయ్యున్రి. మందు లోపలికి పోయిందో లేదో అని అనుమానమొస్తే మల్ల వెయ్యకున్రి. ఒక పూట తప్పితే సుగర్ జెర పెరుగుతది. ఎక్కువైతే పానమే పోతది."

"సిరంజీలు మా కంపెనీవి తెస్త మేడం" అన్నడు మనోడు.

"వద్దు. ఈ సీసకు ఈ గీతల సిరంజే. గీతలు వేరే ఉంటే కొలత తారుమారైతది."

"నాకు తెల్వదా మేడం, మాది మెడికల్ లైన్."

డాక్టరమ్మ వాని దిక్కు ఒకసారి చూసి, మిగిలిన ముచ్చటంత శ్రీలతకు చెప్పింది. సుగర్ పడిపోతే ఎట్లుంటదో, అప్పుడు చిగుళ్లకు తేనె గాని చక్కెర నీళ్లు గాని రాసి జల్దీ తీస్కరావాలని గూడ ఆమెకే చెప్పింది. మనోడు అప్పటికే ఆస్పత్రి బోర్డు ముంగట ఫోటో దిగుతుండు.

కని సూది మాత్రం వాడే పట్టిండు. శ్రీలతకు చేతులు వణుకుతయని గల్లంత చెప్పిండు. కనకాంబరాలల్లితే ఒక్క పువ్వు నలగని చేతులవి. సాయంత్రమైతే మంది నడుమల నుంచి లేచి "మా ప్రిన్స్‌కు ఇన్సులిన్ టైమైంది" అనుకుంట పోయేటోడు. బీపీ గోలీ వేసుకునే మొగోళ్లంత వాని ముంగట చిన్నబోయిన్రు. పిల్లి కోలుకున్నది నిజమే. అందుకు ఉడకబెట్టిన కోడిమాంసం చిన్నచిన్నగ తుంచి, తినేదాక పక్కకు కూసున్నది శ్రీలత. పేరు మాత్రం వానిది.

కార్తీకంల వాడు అయ్యప్ప మాల వేసుకున్నడు. మాలంటే నాకు చిన్నచూపు లేదు. మా ఆయన గూడ వేసుకునేటోడు, ఆ దినాలల్ల మనిషి గొంతే మెత్తగైతుండె. వీనికి నల్లగైనవి బట్టలే. ఇంట్ల నీసు బంద్ అన్నడు, అది ఎవ్వరింట్లనైనా ఉన్నదే. కని పిల్లి గిన్నెను గూడ కడిగి బోర్లించిండు. దానికి పెరుగన్నం. "ప్రిన్స్ స్వామి గూడ దీక్షల ఉన్నడు" అని ఫోన్‌ల పెట్టిండు.

ప్రిన్స్ స్వామి పెరుగన్నం వాసన చూసి, వెనక్కు తిరిగి, గోడ దిక్కు మొకం పెట్టి కూసున్నడు. వాడు సూది తీసిండు.

"తినకుంటే వెయ్యొద్దన్నది గద స్వామీ, డాక్టరమ్మ" శ్రీలత గొంతు వినబడ్డది నాకు. మా నడుమ గోడ అంత మందమేం గాదు.

"వేళ తప్పొద్దన్నది డాక్టరమ్మ. నువ్వు మెడికల్ లైనా, నేను మెడికల్ లైనా?"

డాక్టరమ్మ చెప్పిన దాంట్ల వానికి అచ్చొచ్చే ముక్కనే వాడు పట్టుకున్నడు. ఇగ శ్రీలత ఏం చేసేది? సూది వేళకు ముందుగాల పిల్లిని కొంగు కింద పెట్టుకోని మా ఇంటికి వచ్చేది. నేను కోడి ముక్కలు ఉడకబెట్టి పెట్టేదాన్ని. అది ముక్క మిగల్చకుండ నాకేది. గట్ల నడిచింది, పడిపూజ దాక.

పడిపూజంటే మెట్లు పేర్చి, దీపాలు పెట్టి, స్వాములందరిని పిలిచి చేసే పూజ. వాడు డ్యూటీకి సెలవు పెట్టి, గల్లికి అడ్డంగ టెంటు వేయించిండు. దానికి ముందు దినం సాయంత్రం పిల్లి మూతికి పొద్దటి కోడి వాసన పట్టిండు. గోడ మీద నుంచి నా మీదికి లేచిండు.

"పెద్దమ్మా! దీక్ష ఇంటి పిల్లికి నీసు పెడతవా? మా ఇల్లు అంటు చేస్తవా?"

"ఓరి, అది ఉపాసం ఉంటే సూది విషమైతదిరా."

"నీకేం తెలుసు?" అని పిల్లిని అర్రల పెట్టి తాళం వేసిండు. తాళంచెవి నడుముకు చెక్కుకున్నడు.

ఇగ అది ఆ సాయంత్రం తినలే. తెల్లారి తినలే. తెల్లారి సూది మాత్రం పడ్డది, అది గూడ వంటకు వచ్చిన స్వాముల ముంగట, "చూడున్రి స్వామీ, ఇట్ల చర్మం లేవట్టి గుచ్చాలె" అని చూపించుకుంట. శ్రీలత వద్దు వద్దంటనే ఉన్నదంట. ఇంటి నిండ మందిని పెట్టుకోని ఎంతని అంటది?

భజన మంచిగ ఊపందుకున్నది. గురుస్వామి వెంకటేశం గొంతు మా ఇంట్ల గిన్నెలను కదిలిచ్చేటంత ఉంటది. వెనక నుంచి కనబడక నేను మందిని జరుపుకుంట ముంగటికి పోయిన. అప్పుడే శ్రావణ్ పిల్లిని తెచ్చి పీఠం పక్కకు చాప మీద పెట్టిండు. పిల్లి తల అటు ఇటు ఊగవట్టింది.

"చూడున్రి స్వాములూ! శరణుఘోషకు ప్రిన్స్ స్వామి తల ఊపుతున్నడు!"

వాడు ఫోన్ తీసి లైవ్ వీడియో పట్టిండు. వాణ్ని చూసి ఇంకో పది ఫోన్లు లేచినయి. ఇద్దరు ముగ్గురు దండం గూడ పెట్టిన్రు. నా చెయ్యి గూడ లేవబోయింది. ఇంతల పిల్లి వెనక కాళ్లు ఒకదానికొకటి తట్టుకున్నయి. మూతి నుంచి చొంగ తీగ లెక్క కారుతుంది. కండ్లు ఎవ్వర్ని చూస్తలెవ్వు.

శ్రీలత వంటింట్ల నుంచి పులిహోర గిన్నె పట్టుకోని వస్తుంది. చూసింది. గిన్నె అక్కడనే కింద పెట్టింది.

"అది ఊపుతలేదు. పడిపోతుంది" అన్నది.

ఆమె గొంతు అంత గట్టిగ నేను ఎన్నడు వినలే. భజన గూడ ఒక తాళం తప్పింది. పీఠం ముంగట అభిషేకానికి పాలు, పెరుగు, నెయ్యి, తేనె వరసగ పెట్టి ఉన్నయి. ఆమె సక్కగ పోయి తేనె సీస ఎత్తింది.

"ఏయ్! అది అభిషేకం తేనె! ముట్టకు!" శ్రావణ్ ఆమె మణికట్టు పట్టుకున్నడు. ఇంకో చేతిల ఫోన్ వీడియో తీస్తనే ఉన్నది.

వెంకటేశం తాళాలు కింద పెట్టి లేచిండు. శ్రావణ్ వేళ్లు ఒక్కొక్కటి ఊడదీసి, "ఇడువు స్వామీ. అయ్యప్ప ఆగుతడు. పిల్లి ఆగదు" అన్నడు.

శ్రీలత చాప మీద కూలబడి, వేలికి తేనె ముంచి పిల్లి చిగుళ్లకు రాయవట్టింది. గొంతుల పోయలే, పోస్తే ఊపిరితిత్తులకు పోతదని ఆమెకు ఎరుక. రాసుడు, మల్ల ముంచుడు, మల్ల రాసుడు. పిల్లి కట్టె లెక్క బిగుసుకోని కొట్టుకున్నది. "పోకురా, పోకురా" అనుకుంట ఆమె రాస్తనే ఉన్నది. చేతులు వణుకుతయన్న పిల్ల చేతులు చూడాలె అప్పుడు.

బంతిపూల దండలతోనే కారు తీసినం. తొవ్వ పొడుగుత వాడు ఏడ్చుడే. ఆ ఏడుపు గూడ పక్క లారీ డ్రైవరు తొంగి చూసేటట్టు. "వేళకే వేసిన గద పెద్దమ్మా, వేళకే వేసిన గద" అని నన్ను అడుగుతుండు. పిల్లిని ఒళ్లె పెట్టుకున్న శ్రీలతను అడుగతలేడు. పటాన్‌చెరు చేరేటప్పటికి ప్రిన్స్ శ్రీలత వేలిని ఒక్కసారి నాకింది. ఆమె కిటికీ దిక్కు మొకం తిప్పుకున్నది.

డాక్టరమ్మ చెవికి పొడిచి చూసి, గ్లూకోజ్ ఎక్కిచ్చింది. జెర నిమ్మళమైనంక తలెత్తింది.

"నిన్న సాయంత్రం నుంచి ఏం తిన్నది?"

"పెరుగన్నం పెట్టినం మేడం" అన్నడు వాడు.

"పెట్టింది అడుగతలే. తిన్నది అడుగుతున్న."

"అంటే... దీక్షల ఉన్నం మేడం."

"ఎవరు?"

మెడికల్ లైన్ అనే మాట ఆ దినం వాని నోట్లెకెళ్లి రాలే.

"ఆ తేనె రాయకపోతే నా దాక వచ్చేది గాదు" అని డాక్టరమ్మ శ్రీలతకు చెప్పింది. "సాయంత్రందాక ఇక్కడనే ఉండనియ్యి. నేను చెప్పేదాక సూది వెయ్యొద్దు. కొలత మల్ల చూస్త."

శ్రీలత మొగని ముంగట చెయ్యి చాపింది. వాడు జేబుల నుంచి సిరంజీల డబ్బ తీసి ఇచ్చిండు. అది జేబుల ఎందుకు పెట్టుకొని తిరుగుతడో నాకు ఎరుకే, మూత పైకి కనబడాలని.

మల్ల పూజకు పోతుంటే కార్ల ఫోన్ చూసుకోని అన్నడు, "పెద్దమ్మా, వీడియో మస్తు మంది చూసిన్రు." నా నోట్లెకు వచ్చిన మాట ఇక్కడ రాస్తే బాగుండదు.

"తీసెయ్" అన్నది శ్రీలత. స్వామీ అనలే.

తీసేసిండు.

ఇప్పుడు వాడు శబరిమల పోయి వచ్చేదాక ప్రిన్స్ వంట నా ఇంట్లనే. డాక్టరమ్మ చెప్పిన కొత్త కొలత, ఆ సీస, ఆ సిరంజీ అన్ని శ్రీలత చేతిలనే. పిల్లి మా మెట్ల మీద కూసోని తింటది. ఆమె దాని పక్కకు కూసోని ముచ్చట పెడతది, గిన్నె అడుగు కనబడ్డంకనే సూది తీస్తది. గల్లిల మాత్రం "ప్రిన్స్‌కు సపరేట్ కిచెన్ పెట్టించిన" అని చెప్పుకుంటుండు శ్రావణ్. చెప్పుకోనియ్యి.

కని నీసు వండే ఇల్లని వాడు నా గేటు లోపటికి రాడు. పొద్దున, సాయంత్రం నల్ల బట్టలల్ల గేటు పట్టుకోని నిలబడతడు.

"తిన్నదా పెద్దమ్మా?"

అది ఎప్పుడో తిని మూతి నాక్కుంటది. నేను చెంబు కడుగుత, వాకిలి ఊడుస్త, మల్ల చెంబు కడుగుత.

"ఉండురా, చూస్తున్న, నిలబడు" అంట.