పెట్టె కాలి కింద పెంకు ముక్క

శాంతిరాజు ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, పైకప్పు చూస్తాడు. తర్వాత చేతిలోని కర్రతో గోడనూ నేలనూ తట్టి, ఆ మోత మనసుకు నచ్చితేనే కుర్చీలో కూర్చుంటాడు. కొత్త పాస్టరుగారు భోజనానికి పిలిస్తే అక్కడా అదే పని చేశాడు. భార్య మంగతాయికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఏం చేస్తాడు పాపం, చంద్రపూర్ బొగ్గు గనుల్లో టింబర్ మిస్త్రీగా బతుకంతా గడిపినవాడు. భూమి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, దుంగకీ కప్పుకీ మధ్య సందు కనబడితే చెక్క ముక్క దూర్చి సుత్తితో బిగించడం ఆయన ఉద్యోగం. కప్పు గట్టిగా ఉంటే ఒక మోత వస్తుంది, లోపల విడిపోయి ఉంటే బోలుగా ఇంకో మోత వస్తుంది. ఆ రెండోది వినిపిస్తే టిఫిన్ డబ్బా కూడా ముట్టుకోకుండా బయటికి ఉరకాలి. డబ్బా కోసం ఆగినవాళ్లు ఏమయ్యారో ఆయన కళ్లారా చూశాడు.

రిటైరయ్యాక ఊరి చివరి బస్తీలో ఇల్లు కట్టుకున్నాడు. దగ్గర్లోనే ఎప్పుడో మూసేసిన పాత గని ఒకటుంది. దాని సొరంగాలు రోడ్డు అవతలే ఆగిపోయాయని స్థలం అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు. భూమి లోపలి సంగతి అమ్మేవాడికంటే కొనేవాడికే ఎక్కువ తెలిసిన బేరం అది. అయినా శాంతిరాజు నమ్మాడు. ఆయనకు అందిన స్థలం అదొక్కటే మరి! చేతికొచ్చిందంతా ఆ గోడల్లోకే పోయింది.

తేనెటీగల పిచ్చి ఆ ఇంట్లోనే పట్టుకుంది. కరెంటు మీటరు డబ్బాలో పెట్టిన తేనెపట్టును ఎవరో తగలబెట్టబోతే అడ్డం పడి, ఈగలన్నిటినీ ఒక చెక్క పెట్టెలోకి దించాడు. పెరట్లోకి పొడుచుకొచ్చిన వంటగదికి తూర్పు పక్కన, నాలుగు కాళ్ల బల్ల మీద ఆ పెట్టెను పెట్టాడు. ఇక ఆయన లోకమంతా అక్కడే. ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో ఉండే మేనల్లుడు సతీష్‌కూ ఇదే సరదా. వానలు తగ్గుముఖం పట్టాక అతను ఒక యంత్రం పట్టుకొచ్చాడు. పెట్టె కింద పలకలా పరిస్తే బరువు తూస్తుంది, లోపలికి దూర్చిన తీగ వేడినీ చెమ్మనూ కొలుస్తుంది, అన్నీ ఇద్దరి ఫోన్లకూ పంపుతుంది. ఎలుగుబంటో దొంగో పెట్టెను కదిపితే, పెట్టె ఒరిగిందని ఫోను హిందీలో అరుస్తుంది.

"మామా, ఇగ మాటిమాటికి మూత తీసి సూసుడు బంద్ చెయ్యి. మంచంల పండుకొనే అన్నీ తెల్సుకోవచ్చు" అన్నాడు సతీష్.

అప్పట్నుంచి చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఈయన ఒంటి కన్ను తెరిచి తేనె ఎంత పెరిగిందో చూసుకునేవాడు.

"లగ్గమయి ఇన్నేండ్లాయె, నా బరువెంతని ఒక్కనాడన్న అడిగినవా?" అంది మంగతాయి.

"అడిగితే బతకనిస్తవా?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు ఫోను అరిచింది. "పేటీ ఝుక్ గయీ హై." శాంతిరాజు కర్ర పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. ఎలుగుబంటి లేదు, దొంగ లేడు. పెట్టె నిలబడే ఉంది, ఈగలు వాటి పనిలో అవి ఉన్నాయి. కాస్త దూరంలో పక్కింటి లస్మవ్వ మేక మాత్రం తాపీగా గడ్డి కొరుకుతోంది. ఇంకేముంది, దొంగ దొరికింది.

"అవ్వా, నీ మేక వచ్చి నా పెట్టెకు రాసుకుంటంది. దాన్ని కట్టేసుకో."

"అది ఈపు గోక్కుంటే ఒరగనీకి అది పెట్టెనా, పేకముక్కనా కొడుకా?" అంది లస్మవ్వ. అయినా మాట తీసేయలేక మేకను తన గుమ్మం దగ్గర కట్టేసింది.

శాంతిరాజు పెరటి మూలనున్న పాత పెంకుల కుప్పలోంచి ఒక ముక్క తెచ్చి బల్ల కాలి కింద దూర్చి, కర్ర మొనతో రెండు దెబ్బలు వేసి బిగించాడు. ఫోను నోరు మూసుకుంది. చేతి పని ఇంకా మర్చిపోలేదని లోలోపల మురిసిపోయాడు కూడా.

నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ అదే అరుపు. మేక కట్టేసే ఉంది. ఇంకో పెంకు ముక్క పెట్టాడు. ఆ వారంలోనే మూడోది. ఇది నల్లరేగడి, వాన నీళ్లు తాగి దిగుతోందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. అయినా మంగతాయి వినకూడదని ఫోను గొంతు నొక్కేశాడు. అది అరవడం మానేసి జేబులో వణకడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం పెట్టె మూతి మూసి, దాన్ని వంటగదికి పడమటి పక్కకు మార్చాడు. మర్నాడు కొన్ని ఈగలు పాత చోటికే వచ్చి, అక్కడ ఏమీ లేక ఉత్త గాలిలో గిరగిరా తిరిగాయి. వాటిని చూడబుద్ధి కాక ఇంట్లోకి వచ్చేశాడు. కొన్నాళ్లు అంతా నెమ్మదిగానే ఉంది. తర్వాత ఫోను మళ్లీ వణికింది, ఈసారి సతీష్ కూడా ఫోను చేశాడు.

"మామా, మిషిను ఖరాబైనట్టుంది. తూర్పు దిక్కు పెట్టినప్పుడేమో పడమటికి ఒరిగె. ఇప్పుడు పడమటికి మారిస్తే తూర్పుకు ఒరుగుతందట! గట్లెట్లయితది? కొత్తది పంపిస్త తియ్యి."

శాంతిరాజు ఫోను పెట్టేసి పెరట్లోకి చూశాడు. తూర్పున పెడితే పడమటికి, పడమట పెడితే తూర్పుకు. ఆ రెండింటికీ నడుమ ఉన్నది వంటగది. యంత్రం పాడవలేదని, రెండుసార్లూ నిజమే చెప్పిందని ఆయనకు ఆ క్షణంలోనే అర్థమైంది. దిగుతున్నది వంటగది కింది నేల, దాని అడుగున పాత గని సొరంగం. ఈ మాట పైకి అంటే ఇల్లు ఇక ఇల్లు కాదు. అనకపోతే ఆ వంటగదిలో పొద్దస్తమానం నిలబడేది మంగతాయి. ఇన్నాళ్లూ పెంకు ముక్కలు దూర్చింది పెట్టె కోసం కాదు, ఈ మాట అనకుండా ఉండడం కోసమే.

చెప్పేద్దామనే వంటగది గుమ్మంలోకి వచ్చాడు. మంగతాయి స్టవ్వు మీద మూకుట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నోరు తెరవబోయిన శాంతిరాజు చూపు స్టవ్వు కాళ్ల దగ్గర ఆగిపోయింది. ఒక పక్క రెండు కాళ్ల కిందా ఒకదాని మీద ఒకటి పెంకు ముక్కలున్నాయి. పెరటి మూల కుప్పలోవే.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. నూనె ఒక్క దిక్కే పోతంది. దోస పోస్తే అంచుకు కారుతంది."

"ఎప్పటిసంది?"

మంగతాయి జల్లిగరిటె పక్కన పెట్టింది. మొగుడి మొహం చూడకుండానే చెప్పింది. "నీ మిషిను రాకముందుసంది."

"మరి చెప్పకపోతివేందే!"

"గనిల పనిచేసినన్ని దినాలు నిద్రల ఉలికిపడి లేస్తుంటివి. ఈ ఇంట్లకొచ్చినంకనే నీకు కంటినిండ నిద్ర పట్టింది. దాన్నెందుకు చెడగొట్టాలని ఊకున్న."

ఊరందరి గోడలూ తట్టే మనిషి, ఫోను మొదటిసారి అరిచిన నాటి నుంచి సొంత ఇంటి నేలను ఒక్కసారి కూడా తట్టలేదు. ఇప్పుడు తట్టాడు. స్టవ్వు ముందు, ఆమె పాదాల పక్కనే. వచ్చిన మోత ఆయనకు బాగా తెలిసిందే.

స్టవ్వు ఆర్పి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నడువు."

"బైబిలన్న తీసుకోనియ్యి."

"ఏం ముట్టకు మంగా. నడువు."

గల్లీలో సిమెంటు రోడ్డు. సాయంత్రపు ఎండ పడుతోంది, ఏ ఇంట్లోంచో పోపు వాసన వస్తోంది. శాంతిరాజు అడుగడుగుకూ కర్రతో తడుతూ నడిచాడు. తమ గుమ్మం ముందు బోలుగా మోగింది. గోడ దాటాక కూడా అంతే.

"ఎందాక పోదామయ్యా?" అంది మంగతాయి.

"గట్టిగ మోగేదాంక."

లస్మవ్వ గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటోంది. గుమ్మానికి కట్టేసిన మేక నెమరు వేస్తోంది. భార్యాభర్తలు చేతులు పట్టుకుని రావడం చూసి ఆమె ముసిముసిగా నవ్వింది. "ఏం కొడుకా, ఇయ్యాల గూడ తప్పు నా మేకదేనా?"

ఆయన ఆమె గడప ముందు తట్టాడు. ఒక జానెడు జరిగి మళ్లీ తట్టాడు. తర్వాత తలెత్తి, "అవ్వా, మేకను ఇప్పు. నువ్వు గూడ లేచి రా" అన్నాడు.

"మొన్న కట్టెయ్యమంటివి, ఇయ్యాల ఇప్పుమంటున్నవు. ముందుగాల నీది ఒక్క మాట కానియ్యి" అంది లస్మవ్వ, మళ్లీ చాటలోకి వంగుతూ. ఆమె లేవలేదు.

శాంతిరాజు కిందికి వంగి మేక తాడు ముడి తనే విప్పసాగాడు. ముడి బిగిసిపోయి ఒక పట్టాన రావడం లేదు. జేబులో ఫోను వణుకుతూనే ఉంది.