క్రౌన్ కాస్త ఎత్తుగా ఉందండీ

లారీ వెనక ఇరుసులో మోత ఎక్కడ పుడుతోందో బండి ఆగకముందే చెప్పేస్తాడని ప్రసాదరావు మేస్త్రీకి తాడేపల్లిగూడెంలో పేరు. షెడ్డు నడిచేది ఆ చెవి మీదే. అలాంటిది ఈ వానాకాలం ఆయన కుడి చెవి మూతపడింది. ఎడమది కూడా సన్నటి కూతల్ని వదిలేస్తోంది. ఈ సంగతి భార్య కనకమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడకైనా, పిలిస్తే పలకడం లేదని కొన్నాళ్ళు అలిగాకే తెలిసింది.

ఇప్పుడాయన రంగుని నమ్ముకున్నాడు. ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్‌లోని పెద్ద చక్రం, అదే క్రౌన్, దాని పళ్ళకి ఎర్రరంగు పూసి చిన్న చక్రంతో కలిపి తిప్పుతాడు. పళ్ళు ఒరుసుకున్నచోట మచ్చ పడుతుంది. పంటి నడుమ పడితే బండి చప్పుడు లేకుండా పోతుంది. అంచున పడితే కూత పెడుతుంది, తర్వాత పళ్ళు రాలతాయి.

ఆ వేళ డ్రైవరు కనకరాజు చేపల లారీ వచ్చింది. సాయంత్రానికి ఆకివీడు చెరువు దగ్గర ఉండాలి. మచ్చ మొదట అంచున పడింది. పలచటి రేకులు మార్చి మార్చి దాన్ని నడుమకి తెచ్చాడు మేస్త్రీ. అంతా బిగించి, విని చూడ్డానికి కనకరాజు పక్కన ఎక్కాడు. గుమ్మంలో కలిదిండి లారీవాళ్ళు తమ వంతు కోసం కూర్చుని చూస్తున్నారు.

అటు కూర్చుంటే డ్రైవరు వైపు ఉండేది కుడి చెవే. ఎంత చెవి రిక్కించినా ఇంజను గురగుర తప్ప ఏమీ అందలేదు. దిక్కుతోచక కనకరాజు మొహమే చూస్తూ కూర్చున్నాడు. మేస్త్రీ గారు వింటున్నారు కదా అని అతనూ నోరు మెదపలేదు.

ఊరు దాటాక కనకరాజు మొహం చిట్లించాడు.

"ఏంటయ్యా?"

పెదాలు కదిలాయి. "...క్రౌన్... ఎత్తుగా ఉందండీ... తగులుతోంది."

మచ్చ మళ్ళీ అంచుకి పోయిందనుకున్నాడు ప్రసాదరావు. "బండి తిప్పు."

"ఇప్పుడాండీ? చెరువు దగ్గర..."

"తిప్పమన్నానా?"

షెడ్డుకి రాగానే మళ్ళీ ఆయిల్ దింపాడు. మళ్ళీ విప్పి రంగు పూశాడు. మచ్చ నట్టనడుమే పడింది. ఇంకోసారి తిప్పినా అక్కడే. చెమట కళ్ళలోకి దిగుతోంది. కనకరాజు ఫోను మోగుతూనే ఉంది. కలిదిండి వాళ్ళు మొహమొహాలు చూసుకుంటున్నారు.

"ఎక్కడ తగులుతోందయ్యా నీకు?" ఈసారి ఎడమ చెవి అటు పెట్టాడు.

కనకరాజు వెర్రిమొహం వేసి నోరు తెరిచి దవడ పన్ను చూపించాడు. "ఇక్కడండీ. మొన్న ఏలూరులో పన్నుకి క్రౌన్ వేయించుకున్నా కదండీ. ఆ డాక్టరమ్మ కూడా మీలాగే రంగు కాగితం కొరికించి, మచ్చ చూసి అరగదీశారు. ఇంకా తగులుతోందని మీతో అన్నాను. దానికి బండి విప్పేశారేంటండీ?"

మేస్త్రీ పానా కింద పెట్టాడు. గొంతు తగ్గించి, "నాకు అటు చెవి పనిచెయ్యట్లేదయ్యా" అన్నాడు.

కనకరాజు ఓసారి గుమ్మం వైపు చూశాడు. "అంతేనండీ మరి," అన్నాడు అందరికీ వినబడేలా. "అనుమానమొస్తే విప్పి చూడందే వదలరు మీరు."

బిగించి మళ్ళీ బయల్దేరారు. ఊరు దాటగానే ప్రసాదరావు సీటు మీద మోకాళ్ళేసి, బస్సులో చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడు ఎడమ చెవి డ్రైవరు వైపు ఉంది.

"కూత ఉందా?"

"లేదండీ."

"నే అడిగేది ఇరుసు సంగతి."

"నే చెప్పేదీ ఇరుసేనండీ. పన్ను మాత్రం తగులుతూనే ఉంది."