ఒకే క్లాసులో ఇద్దరు టీచర్లు

పటాన్‌చెరు దగ్గర సర్కారు బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. సాంద్రత లెక్కలు తొమ్మిదో తరగతి పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కడం లేదని సైన్సు టీచరు వాపోతే, ఇద్దరం కలిసి ఒకే క్లాసులో చెప్పాం. ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి లెక్క చేశారు.

అప్పుడే తలుపు దగ్గరికొచ్చిన హెడ్మాస్టరు, పిల్లల ముందే, "ఒక్క క్లాసుల ఇద్దరేంది? ముచ్చట్లు పెట్టనీకి వచ్చిన్రా?" అన్నాడు.

"ఇయ్యాల పిల్లలకు సమజైంది సార్. జెర వాళ్లనే అడుగుండ్రి" అన్నాను.

ఆయన అడగలేదు. మర్నాటికల్లా ఒకరి క్లాసుకు మరొకరం వెళ్లే వీల్లేకుండా టైంటేబుల్ మార్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పాఠం ఎగ్గొట్టినా అడిగే దిక్కులేని బడిలో, కలిసి చెబితే తప్పయిందా?

ఆ ఏడాదంతా అన్నాల గంటలో వరండాలో కలిసే చెప్పాం.