ఉరి అడిగిన మరిది

యల్లమందను ఉరి తీయాల్సిందేనని ఊరంతా వినేలా అరిచిన గోపాలరావుకు, అలా అరిస్తే యల్లమంద ఎప్పటికీ తిరిగి రాడని ముందే తెలుసా? తెలిసే అరిచాడా? అది ఇప్పటికీ తేలని సంగతి. అతని వదిన పున్నమ్మకు ఆ అనుమానం ఎలా పుట్టిందో మాత్రం చెప్పుకోవచ్చు.

పున్నమ్మ పుట్టిల్లు ధరణికోట. పదిహేడో ఏట ఈపూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చింది. చదివింది ఐదో తరగతే అయినా, చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు చివరి పేజీ తిప్పి చూసేది. సంతకం అడిగే చోటే మోసం ఉంటుందని ఆమె నమ్మకం. పంచాయతీ ఎన్నికల గొడవల్లో భర్త ఆంజనేయులును పట్టపగలు, సొంత పొలం గట్టు మీద, ఆమె కళ్ళెదుటే నరికేశారు. మొదటి వేటు యల్లమందది. బెయిలు మీద బయటికొచ్చి దొంగ పాస్‌పోర్టుతో దేశం దాటాడు. తొమ్మిదేళ్ళకు యూరప్‌లో ఒక చిన్న దేశంలో దొరికాడు.

ఆ కబురు మోసుకొచ్చింది అల్ఫియా. నరసరావుపేటలో సర్కారు వకీలు దగ్గర జూనియరు. అప్పుడు పున్నమ్మ కల్లంలో మిరపకాయలు పరుచుకుని తాలుకాయలు ఏరుతోంది.

“దొరికాడు పెద్దమ్మా. కాకపోతే ఉరిశిక్ష పడే చోటికి ఆ దేశం మనిషిని అప్పగించదు. ఉరి ఉండదని మన సర్కారు రాసిస్తేనే పంపుతారు.”

“అంటే రాజీ.”

“రాజీ కాదు. కేసు నడుస్తుంది. రుజువైతే యావజ్జీవం.”

“రాజీకొచ్చినోళ్ళంతా మొదట అట్టాగే అంటారమ్మాయ్. ఎవురు పంపారు నిన్ను? యల్లమందోళ్ళేనా?”

రాజీ మాట్లాడడానికి వచ్చినవాళ్ళు ఏ ఇంట మంచినీళ్ళు తాగితే, ఆ ఇల్లు సగం ఒప్పుకున్నట్టే ఆ ఊళ్ళో లెక్క. మిరప ఘాటుకు ఆ పిల్ల దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డా పున్నమ్మ కుండలో చెంబు ముంచలేదు. సంగతి గ్రహించి అల్ఫియా సంచీలోంచి సీసా తీసింది.

“నా నీళ్ళు నేనే తెచ్చుకున్నాలే పెద్దమ్మా, భయపడమాక. ఒక్క మాట విను. ఆ రాత సోమవారం లోపు అక్కడి కోర్టుకు చేరాలి. చేరకపోతే వాణ్ణి వదిలేస్తారు. దాన్ని ఆపమని మీ మరిది నీ పేరు మీద హైకోర్టుకు పోతున్నాడంట. ఆయన్నడిగి, నువ్వే ఆలోచించుకో.”

పున్నమ్మ మళ్ళీ తాలుకాయలు ఏరసాగింది. ఆ పిల్ల మాటలు మరీ నున్నగా ఉన్నాయనిపించింది.

మర్నాడు గోపాలరావు కబురు పెడితే, హైకోర్టు కాగితాల మీద సంతకం చేద్దామనే అతని ఇంటికి బయలుదేరింది. వాకిట్లో కుళాయి దగ్గర తోటికోడలు ప్రేమలత స్టీలు గ్లాసులు తోముతోంది.

“ఇన్ని గ్లాసులేందే? ఎవురొచ్చారు?”

ప్రేమలత నోట్లో మాట దాగదు. “యల్లమంద బావగారోళ్ళక్కా. ఈసారి పోటీ లేకుండా ఈయన్నే సర్పంచిని చేస్తారంట.”

“మంచినీళ్ళు తాగారా?”

“నీళ్ళేందక్కా, రెండేసి టీలు లాగించారు.”

పున్నమ్మ వసారాలోకి నడిచింది. గోపాలరావు కాగితాలు తెచ్చి మంచం మీద పరిచాడు.

“మా అన్నను నరికినోడికి ఉరి తప్ప ఇంకోటి ఒప్పుకునేది లేదు వదినా. పెట్టు సంతకం.”

ఆమె చివరి పేజీ తిప్పింది. “వాడు రాకపోతే ఉరి ఎవురికేస్తారయ్యా?”

“రాక ఏడకి పోతాడు?”

“పొద్దున టీ తాగిపోయినోళ్ళు అట్టాగే చెప్పారా?”

గోపాలరావు ముఖం నల్లబడింది. తర్వాత కళ్ళలో నీళ్ళు నిండాయి. “అన్న పాడె మోసింది ఈ భుజమే వదినా. నన్ను అనుమానిస్తావా?”

ఆ కన్నీళ్ళను పున్నమ్మ ఎరుగును. వల్లకాట్లో చూసినవే. అవి అప్పుడు నిజమే. ఇప్పుడూ నిజమేనేమో. అన్నకోసం ఏడుస్తూనే అన్నను అమ్ముకునేవాడు ఉంటాడా? ఉండడని అనుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

తొమ్మిదేళ్ళుగా ఆమె కోరింది యల్లమంద మెడకు తాడే. కానీ ఆ వసారాలో కూర్చున్నాక అసలు కావాల్సింది ఏమిటో తెలిసింది. వాడు బోనులో నిలబడాలి. అందరూ వింటుండగా తాను వేలు చూపించి “వీడే” అనాలి. ఆ తర్వాత జైల్లో ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు బతకనీ.

గోపాలరావు ఫోను మోగింది. లోపలికి నడిచి గొంతు తగ్గించాడు. “ఆఁ, ఇక్కడే ఉంది... పెడుతుంది, పెట్టక ఏం చేస్తుంది... సోమవారం దాకా ఓపిక పట్టండి.”

అవతల ఉన్నది వకీలో, యల్లమంద బావగారో. ఆమె తెలుసుకోవాలనుకోలేదు. లేచి చెప్పులు తొడుక్కుని, లోపల అతను మాట్లాడుతుండగానే వాకిలి దాటింది.

“కాఫీ కలుపుతున్నానక్కా, కూర్చో,” అని ప్రేమలత వెనక నుంచి పిలిచింది. పోయొస్తానన్న మాటైనా అనకుండా పున్నమ్మ, అల్ఫియా ఉండే నరసరావుపేటకు బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.