పదివేల మంది కొర్నేలీలు, ఇంకొకాయన

మేకల కొర్నేలికి నలభై ఆరేళ్ళు. పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. మాత్ర నీళ్ళలో ఎంతసేపటికి కరిగిందో చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాలి. మాట మెత్తన, మనిషి నిదానం, పులిహోర కలపడంలో చెయ్యి తిరిగినవాడు. ఇన్ని సుగుణాలున్న మనిషికి లోకంలో ఒక్క దానితోనే పేచీ. అది తన పేరు.

అమెరికా వాళ్ళతో ఏ గొడవా లేదు. కొర్నేలి అనగానే "ఇటాలియనా?" అని వాళ్ళు మురిసిపోతారు. గొడవంతా మనవాళ్ళతోనే. ఎడిసన్‌లో ఏ పుట్టినరోజు పార్టీలోనో కొత్తాయన చెయ్యి కలిపి "మీ పేరండీ?" అంటాడు. ఈయన చెబుతాడు. ఆయన ఒక్క క్షణం ఆగి "ఓహో" అంటాడు. ఆ ఆగిన క్షణంలో ఈయన మతమేమిటో, ఊళ్ళో ఏ పేటలో పుట్టి ఉంటాడో అంతా తేల్చేసుకుంటాడన్నమాట. ఆ తరువాత బిర్యానీ బాగుందా అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదే కొర్నేలికి గొంతు దిగేది కాదు. అందుకే కొన్నేళ్ళ నుంచి అలాంటి చోట్ల "నీల్ అండీ" అనడం అలవాటు చేసుకున్నాడు. కూతురు పుట్టినప్పుడు కూడా ఏ మతానికీ ఏ కులానికీ దొరకని పేరు కావాలని నెల రోజులు వెతికి అవని అని పెట్టాడు.

పద్దెనిమిదేళ్ళు వీసాలతోనూ గ్రీన్‌కార్డుతోనూ కుస్తీ పట్టాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే రోజు వచ్చింది. అందులో ఒకచోట, పేరు మార్చుకోదలిచారా అని ఒక గడి ఉంటుంది. అది కనబడగానే మన కొర్నేలికి ప్రాణం లేచివచ్చింది. టిక్కు పెట్టి, 'నీల్ మేకల' అని టైపు చేసి, ఇంట్లో చీమకి కూడా తెలియకుండా పంపేశాడు. ల్యాబులో ప్రతి కాగితం రెండుసార్లు సరిచూసుకునే మనిషి, ఇంట్లో ప్రింటర్ మీద కాపీ మరిచిపోయాడు. దొరికింది ఎవరికంటే, భార్య శాంతికి.

"ఈ నీల్ ఎవరండీ?" అంది శాంతి, కాపీని బల్ల మీద పెట్టి. "మన పెళ్ళి కార్డు మీద కొర్నేలి అని వేశారు. నేను ఆ మనిషినే చేసుకున్నాను. ఇప్పుడీయన వచ్చి సోఫాలో కూర్చుంటే మా అమ్మకి ఏమని చెప్పాలి?"

"నవ్వకు శాంతీ. ఇంటర్వ్యూ వచ్చే గురువారం. అక్కడొక సంతకం పెడితే అయిపోద్ది. ఈ వయసులోనైనా హాయిగా పేరు చెప్పుకుని బతకనీ."

శాంతి నవ్వు ఆపేసింది. ఆ హాయి ఎందుకు కావాలో ఆమెకి తెలియనిది కాదు. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆఫీసుకి ఒకే కారులో వెళ్ళే అవినాష్‌ది కరీంనగర్. అతను వేరేగా బాధపడ్డాడు. "అన్నా, నా ఫోన్ల ఇద్దరు నీల్‌లు ఉన్నరు. కొర్నేలి మాత్రం ఒక్కడే. ఇగ నిన్ను ఎట్ల గుర్తుపట్టాలె?" అన్నాడు.

అసలు చిక్కు పదిహేనేళ్ళ కూతురితో వచ్చింది. అవని హైస్కూల్లో లాటిన్ తీసుకుంది. పరీక్షల్లో ఇంగ్లీషు మాటలకి పనికొస్తుందని ఎవరో చెబితే తండ్రే చేర్పించాడు. ఆ వారం వాళ్ళ టీచరు, తలా ఒక రోమన్ పేరు తీసుకుని ఆ పేరుతో ఎవరెవరు బతికారో వెతుక్కురండి అంది. పిల్ల ఎక్కడికో పోకుండా ఇంట్లో ఉన్న పేరే పట్టుకుంది.

"డాడీ, యువర్ నేమ్ ఈజ్ హ్యూజ్!" అంటూ శనివారం పొద్దున దోసెల దగ్గర లాప్‌టాప్ తెరిచింది. "కొర్నేలీలు అంటే రోమ్‌లో టాప్ ఫ్యామిలీ. ఒకడు స్కిపియో. హానిబల్ ఏనుగులు తెచ్చాడు కదా, అతన్ని ఓడించాడు."

"ఏనుగుల్నే?" అన్నాడు కొర్నేలి, తెలియకుండానే కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుని.

"ఎస్. ఇంకా ఒక లేడీ ఉంది, కొర్నేలియా. ఫ్రెండ్ వచ్చి గోల్డ్ అంతా చూపించి, నీది చూపించు అంటే, స్కూల్ నుంచి వచ్చిన పిల్లల్ని చూపించి నా జ్యువెల్స్ వీళ్ళే అంది."

"ఆవిడ ఎడిసన్ ఫంక్షన్లకి రావాల్సింది" అంది శాంతి, పెనం మీద నుంచి తల ఎత్తకుండా.

"ఇంకో పాత డ్రామాలో కూడా ఒక కొర్నేలి ఉన్నాడు. రాజు అంబాసిడర్. బట్ హీ హాస్ లైక్ వన్ లైన్."

"అదీ మన వాటా" అన్నాడు కొర్నేలి. "ఇంకా?"

అవని కొంచెం తటపటాయించింది. "ఇంకా సుల్లా, సేమ్ ఫ్యామిలీ. హీ వాజ్ బ్యాడ్. చంపాల్సిన వాళ్ళ పేర్లు లిస్ట్ రాసి మార్కెట్‌లో పెట్టేవాడు."

"అద్గదీ!" అని తండ్రి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "చూశావా? ఇలాంటి వాడి పేరు మోయమంటావు. నీల్ అనేవాడు చంద్రుడి మీద నడిచాడు తల్లీ, ఎవర్నీ చంపలేదు."

"వెయిట్, డాడీ. నేను అయిపోలేదు" అంది పిల్ల. తెలుగు కొంచెం తడబడినా పట్టు మాత్రం తండ్రిదే. సుల్లా చంపించినవాళ్ళ ఇళ్ళల్లో బానిసలు ఉండేవారట. వాళ్ళలో పదివేల మందికి పైగా ఒక్కసారిగా విడుదల చేసి, రోమ్ పౌరుల్ని చేసేశాడట. విడిపించినవాడి పేరు పెట్టుకోవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. దాంతో నిన్నటిదాకా ఎవరి ఇంట్లోనో సొత్తుగా పడి ఉన్న పదివేల మంది ఒకే పేరుతో వీధిలోకి నడిచి వచ్చారు. అందరూ కొర్నేలీలే.

"వాళ్ళు సిటిజన్ అయినప్పుడు ఈ నేమ్ తీసుకున్నారు. నువ్వు సిటిజన్ అయినప్పుడు పారేస్తున్నావ్. దట్స్ సో వియర్డ్" అని లాప్‌టాప్ మూసి, దోసె చేతిలో పట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

కొర్నేలికి ఆ మాట తగలకపోలేదు. తగిలినా ఒప్పుకునే రకం కాదు. రోమ్ సంగతి రోమ్‌ది, మన సంగతి మనది అనుకున్నాడు. పైగా తనకీ పేరు ఏ రోమ్ నుంచీ రాలేదు. తాత పేరు పెట్టారు, అంతే. ఆ తాతకి పాదిరిగారు బైబిలు తెరిచి, ఏ పేజీ వస్తే ఆ పేజీలో దొరికింది పెట్టి ఉంటారు. ఆయన చేతికి ఇంకో పేజీ వచ్చి ఉంటే ఏ బాధా లేకపోయేది కదా అని ఎన్నోసార్లు విసుక్కున్నాడు కూడా.

మరునాడు ఆదివారం. పొద్దున చర్చికి బయల్దేరే ముందు మేనత్త దీనమ్మకి వీడియో కాల్ చేయడం మామూలు. సత్తెనపల్లిలో అప్పటికి సాయంత్రం. ఎనభైకి దగ్గరపడిన మనిషి, అరుగు మీద కూర్చుని ఫోను గడ్డం కింద పెట్టుకుని మాట్లాడుతుంది. ఈయనకి సగం కాల్ ఆవిడ ముక్కుపుటాలే కనిపిస్తాయి. పేరు సంగతి చెప్పే ఉద్దేశం కొర్నేలికి లేదు. వెనక నుంచి అవని "నాయనమ్మా, డాడీ నేమ్ చేంజ్ చేస్తున్నాడు" అని అరిచేసింది. అమ్మమ్మ వరసైనవాళ్ళని నాయనమ్మ అనకూడదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్లకి ఎక్కదు.

"ఏందీ, పేరు మారుస్తావా నాన్నా?" అంది దీనమ్మ. ఫోను గడ్డం కింద నుంచి ముఖం ఎదుటికి వచ్చింది. "ఎందుకు?"

కొర్నేలి ఏదో నసిగాడు. ఆఫీసులో పలకడం కష్టంగా ఉంటుందన్నాడు. దీనమ్మ నమ్మలేదు గానీ, కోపం కూడా తెచ్చుకోలేదు.

"నాన్నా, నిన్ను పుట్టినకాడి నుంచి నేను ఎప్పుడన్నా ఒరేయ్ అన్నానా? మీ అన్నల్ని చెప్పుతో కొట్టినట్టు తిట్టేదాన్ని. నిన్ను అన్నానా?"

అనలేదు. అది ఇప్పటిదాకా కొర్నేలికి తట్టనే లేదు. చిన్నవాణ్ణని గారాబం చేస్తోంది కాబోలు అనుకున్నాడు.

"మా నాన్న పేరు పెట్టుకున్నోణ్ణి ఒరేయ్ అంటానా నేను? ఆయన్ని అన్నోళ్ళు చాలు." దీనమ్మ పైట కొంగుతో ఫోను తుడిచింది, మసక తన కళ్ళల్లో కాక దాని మీద ఉన్నట్టు. "మా నాన్న చిట్టయ్య. చిట్టయ్య అని ఒక్కళ్ళు పిల్చిన పాపాన పోలేదు. మోతుబరి ఇంట్లో పాలేరు. ఆ ఇంట్లో పాలు తాగే పిల్లకాయలు గూడా ఒరేయ్ చిట్టిగా అనేవోళ్ళంట. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పాదిరిగారు మంచి పేరు పెడతానని యోహాను, యాకోబు అని చదువుతా ఉంటే మా నాన్న ఒద్దన్నాడు."

"ఆయన వద్దన్నాడా?" అన్నాడు కొర్నేలి.

"ఆ. వీళ్ళల్లో కాళ్ళ మీద పడితే లేపినోళ్ళ కథ ఏదన్నా ఉందా అయ్యా అని అడిగాడంట. అప్పుడు పాదిరిగారు కొర్నేలి కథ చదివారు. వంద మంది సిపాయిల మీద అధికారి. ఏసయ్య శిష్యుడు పేతురు వస్తే కాళ్ళ మీద పడ్డాడు. పేతురు చెయ్యి పట్టుకుని లేపి, నేను కూడా మనిషినే, లెమ్మన్నాడు. మా నాన్న మళ్ళీ చదవమన్నాడంట. మూడుసార్లు చదివించుకున్నాడు. నాకు ఆ పేరే కావాలన్నాడు. ఆయన జీవితంలో ఆయన కోరుకుని తీసుకున్నది అదొక్కటే నాన్నా. మిగిలినయ్యన్నీ ఎవురో పెట్టినయ్యే. నీ ఇష్టం మరి, మార్చుకో. నీకు సుఖంగా ఉంటే అంతే చాలు."

ఏ పేజీ దొరికితే ఆ పేజీ అనుకున్న పేరు! చదువు రాని మనిషి, చెవులతో వెతికి, ఏరి తెచ్చుకున్న పేరు అది. ఇన్నేళ్ళూ దాన్ని పార్టీల్లో జేబులో దాచుకుని తిరిగినందుకు కొర్నేలికి సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఆ రోజు చర్చిలో పాటలు ఏం పాడారో గుర్తు లేదు.

గురువారం న్యూవార్క్‌కి శాంతి కూడా వెంట వచ్చింది. ఆఫీసరు అరవై ఏళ్ళ నల్లజాతి ఆవిడ, కళ్ళజోడుకి పూసల గొలుసు. ప్రశ్నలన్నిటికీ కొర్నేలి టకటకా జవాబులు చెప్పాడు. చివర్లో ఆవిడ ఒక కాగితం ముందుకు జరిపింది. పేరు నీల్ అని మార్చుకుంటానన్నారు, ఇక్కడ సంతకం పెట్టండి అంది.

"మార్చుకోనండి మేడమ్" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఖచ్చితంగానా అని అడిగింది.

"ఖచ్చితంగా. అది మా తాతగారు ఎంచుకున్న పేరు."

ఆవిడ నీల్ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు వేయమంది. పేరు మార్పు లేదు కనుక కోర్టుకి వెళ్ళే పని తప్పింది. మధ్యాహ్నమే అదే భవనంలో ప్రమాణం చేయించారు. నలభై దేశాల మనుషుల మధ్య నిలబడి కొర్నేలి చెయ్యి ఎత్తాడు. సర్టిఫికెట్ ఇచ్చేముందు అక్షరాలు సరిచూసుకోమన్నారు. ల్యాబు మనిషి కదా, రెండుసార్లు చాలు. ఆయన ఆ పేరుని అయిదారుసార్లు చదువుకున్నాడు. తప్పేమైనా పడిందా అని గుమస్తా అడిగితే, లేదు, బాగుందని చూస్తున్నానని చెప్పాడు. కారెక్కాక శాంతి ఆయన చెయ్యి పట్టుకుని రూట్ వన్ హైవే ఎక్కేదాకా వదల్లేదు.

శుక్రవారం పొద్దున్నే దీనమ్మకి ఫోన్ చేసి, సర్టిఫికెట్ కెమెరా ముందు పెట్టాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

"ఏ పేరు రాశారు నాన్నా?"

"కొర్నేలి అనే అత్తా."

దీనమ్మ ఫోను పక్కన పెట్టేసినట్టుంది, తెర నిండా ఆకాశం కనబడింది. ఆవిడ గొంతు మాత్రం వీధంతా వినిపించేలా మోగింది. "ఓ హన్నమ్మా! ఇట్టా రాయే! మా నాన్నకి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది!"

"మీ నాన్నకా?" అంటోంది ఎవరో ఆడమనిషి. "ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది గదే దీనమ్మా!"

"అయితే ఏంది?" అంది దీనమ్మ. "వచ్చింది."